శుక్రవారం పుట్టిన మనిషి

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మా మనవరాలు ఫోను తెచ్చి నా కంచం ముందు పెట్టింది. "అమ్మమ్మా, ఇది చూడు, నవ్వలేక చస్తావ్" అంది. నల్ల కోట్లు వేసుకున్న ఆఫ్రికా వాళ్ళు ఒక శవపేటికని భుజాల మీద పెట్టుకుని డాన్సు చేస్తున్నారు. మోకాళ్ళ మీద కూర్చుంటున్నారు, లేస్తున్నారు, తిరుగుతున్నారు. పేటిక మాత్రం జారడం లేదు. మా అల్లుడు పొలమారేలా నవ్వాడు. లాక్‌డౌన్ రోజుల్లో అందరి ఫోన్లలోనూ తిరిగిన వీడియోయేనట, నేనే ఇన్నాళ్ళకి చూస్తున్నాను.

నాకు నవ్వు రాలేదు. "ఇది ఏ దేశం?" అన్నాను.

"ఘానా. పడమటి ఆఫ్రికా" అంది. తను రుషికొండ దగ్గర కాలేజీలో చదువుతోంది. "మా క్లాసులో ఇద్దరున్నారు ఆ దేశం పిల్లలు. మంచి మంచి చోట్లున్నాయట అమ్మమ్మా అక్కడ. కోటలూ, అడవులూ. నన్ను రమ్మంటున్నారు."

"నాకు తెలుసు" అన్నాను.

మా అమ్మాయితో సహా ముగ్గురూ నా మొహం వైపు చూశారు. విశాఖపట్నం దాటి తిరుపతి, కాశీ తప్ప చూడని మనిషిని నేను. ఎలా తెలుసో చెప్పబోయి ఎక్కడ మొదలెట్టాలో తెలీక, పెరుగన్నం అలాగే వదిలేసి లేచాను. అప్పట్నుంచీ ఒక్కొక్కటే గుర్తొస్తోంది. అందులో ఎంత నేను చూసిందో, ఎంత మామ్మ తరవాత చెప్పగా విన్నదో విడదీయలేకపోతున్నాను.

మేం అప్పుడు పోర్టు క్వార్టర్సులో ఉండేవాళ్ళం. నాన్నది గోదావరి జిల్లా. పోర్టులో లాంచీ నడిపే ఉద్యోగం వచ్చి ఈ ఊరు చేరాడు. మా వాడలో ఏది ముట్టుకున్నా వేళ్ళకి ఎర్రటి దుమ్ము అంటేది. ఓడలకెక్కించే ఇనుప ఖనిజం దుమ్ము అది. తెల్లగా ఆరేసిన బట్టలు సాయంత్రానికి ఎర్రగా తీసుకునేవాళ్ళం. "ఈ ఊళ్ళో మడిబట్ట కూడా తుప్పు పట్టిపోతుందే" అని మామ్మ రోజూ అనేది. ఆ దుమ్ము వాసన, దాని మీద సముద్రం వాసన, పక్క క్వార్టర్సులో వేగుతున్న చేపల వాసన, మా ఇంట్లో ఇంగువ వాసన. అన్నీ కలిసి ఒకటే వాసనగా గుర్తుంది నాకు. దాన్ని మళ్ళీ ఎక్కడా పీల్చలేదు. ఇప్పుడా క్వార్టర్సులు లేవు. ఆ రోడ్డు ఎటు తిరిగేదో కూడా పోల్చుకోలేను.

నాకప్పుడు పదేళ్ళు. ఆ చలికాలం అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో నాన్న, మామ్మ, నేను.

డాల్ఫిన్ నోస్ కొండకి అవతల, సముద్రంలో ఒక పాత ఓడ కొన్ని నెలలుగా లంగరు వేసి ఉండేది. దాని యజమాని ఏ దేశంలో దాక్కున్నాడో ఎవరికీ తెలీదన్నారు. కోర్టులో కేసు. తీర్పు వచ్చేదాకా ఓడ కదలకూడదు, అందులో మనుషులు ఇళ్ళకి పోకూడదు. వాళ్ళకి మంచినీళ్ళూ కూరగాయలూ నాన్న లాంచీలో పట్టుకెళ్ళేవాడు. ఆ ఓడలో వంట చేసే ఘానా మనిషికి కుడిచేతి మీద కాగిన నూనె పడి మోచేతి దాకా కాలింది. వారానికి రెండుసార్లు ఆస్పత్రిలో కట్టు మార్పించుకోవడానికి ఒడ్డుకొచ్చేవాడు. కట్టు పది నిమిషాల పని. వెనక్కి తీసుకెళ్ళే లాంచీ సాయంత్రం గానీ లేదు. అంతసేపు జెట్టీ మీద ఎండలో కూర్చుంటున్నాడని నాన్న జాలిపడి ఒక బుధవారం మా ఇంటికి తీసుకొచ్చాడు. మా బడి ఉదయం పూటే కాబట్టి నేనింట్లోనే ఉన్నాను.

అతను గేటు దగ్గరే బూట్లు విప్పాడు. మామ్మ వరండాలోకి గ్లాసుడు మజ్జిగ తెచ్చి ఇవ్వబోయింది. అతను చెయ్యి చాపలేదు. మామ్మ ఇంకాస్త ముందుకు పెట్టింది. అతను తల అడ్డంగా ఊపి వెనక్కి జరిగాడు.

"మన మజ్జిగ పనికిరాదు కాబోలు దొరగారికి" అంది మామ్మ.

"ఎందుకు తాగడో కనుక్కోవే" అన్నాడు నాన్న. నాన్నకి ఓడ ఇంగ్లీషు మాత్రమే వచ్చు. తాడు లాగు, ఆపు, మెల్లగా. నేను కాన్వెంటులో ఐదో తరగతి. మా ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడగల మనిషిని నేనే. నా ఇంగ్లీషంతా పాఠాల్లోది, ఓ పాతిక వాక్యాలుండేవేమో. అడిగాను. అతను కట్టు కట్టిన కుడిచెయ్యి చూపించి, ఎడమచెయ్యి వీపు వెనక్కి పెట్టుకుని ఏదో చెప్పాడు. రెండుసార్లు చెప్పించుకుంటే గానీ అర్థం కాలేదు.

"ఎడం చేత్తో పెద్దవాళ్ళ దగ్గర ఏదీ పుచ్చుకోకూడదట మామ్మా. వాళ్ళ ఊళ్ళో అమర్యాదట."

 మామ్మ గ్లాసు అరుగు మీద పెట్టి, "చేతికి పుచ్చుకోవద్దులే నాయనా, అక్కణ్ణించి తీసుకో" అంది. నేను ఇంగ్లీషులో చెప్పేలోపే అతనికి అర్థమైపోయింది.

నేను మామ్మా అని పిలవడం విని అతనూ అలాగే పిలవడం మొదలుపెట్టాడు. వాళ్ళ దేశంలోనూ పెద్దావిడని దాదాపు అలాగే అంటారట. నాకది వింతగా తోచింది. మామ్మ మా మామ్మే కదా, అతనికెలా మామ్మ అవుతుంది?

పేరు అడిగితే చెప్పాడు. దాని అర్థం శుక్రవారం పుట్టినవాడు అని. వాళ్ళలో ఏ వారం పుడితే ఆ వారం పేరు ఉంటుందట ప్రతి మనిషికీ, తరవాత పెట్టుకునే పేర్లు ఎన్నున్నా సరే. "అయితే శుక్రవారం పుట్టిన వాళ్ళందరికీ ఒకటే పేరా? సంతలో పిలిస్తే ఎంతమంది పలుకుతారు?" అంది మామ్మ. అతను నవ్వాడు. చాలామంది పలుకుతారట. నేను మంగళవారం పుట్టానని మామ్మ చెబితే నాకూ ఒక పేరు పెట్టాడు. నెలరోజులు నోట్సు పుస్తకాల మీద ఆ పేరే రాసుకుని టీచరు చేత తిట్లు తిన్నాను.

అలా బుధవారం, శనివారం అతను రావడం మాకు మామూలైపోయింది. వరండాలో మెట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పేవాడు. నేను తెలుగులోకి మార్చేదాన్ని. మామ్మ బియ్యం ఏరుకుంటూ వినేది. మా గేటు పక్క నీడలో చేపల గంప దించి సేద తీరే అత్త కూడా వినేది. ఆవిడ అసలు పేరు నాకెప్పుడూ తెలీదు, వాడంతా అత్తే అనేవాళ్ళం. మామ్మ ఆవిణ్ణి మెట్టెక్కనిచ్చేది కాదు గానీ చెంబుతో నీళ్ళు మాత్రం ఇచ్చేది.

అతని ఊరు సముద్రం ఒడ్డునే. అక్కడి పడవలకి రంగులేస్తారట, జెండాలు కడతారట, పడవ పొడుగునా మాటలు రాస్తారట. మంగళవారం మాత్రం ఒక్క పడవా నీళ్ళలోకి దిగదు. ఆ రోజు సముద్రానిది.

"ఓలమ్మా! మంగళారం ఏటకెల్లరా?" అంది అత్త. "మరి ఆ పూట తిండేటి? నా మొగుడికి సెప్తే ఆడు ఆ ఊరెల్లిపోతాడు. ఆడికి రోజూ మంగళారమే."

ఆ మాట అతనికి చెప్పడం నాకు చేతకాలేదు. ఆవిడ నవ్వుతుంటే అతనూ నవ్వాడు.

వాళ్ళ దేశంలో పెద్ద రాజుగారి ఊరుందట. అక్కడ జానెడు వెడల్పు పేలికలు నేసి, అవి పక్కపక్కన కుట్టి బట్ట చేస్తారు. ఆ రాజుల దగ్గర ఒక బంగారు పీట ఉంది. ఆకాశంలోంచి దిగింది. జనం ప్రాణమంతా అందులోనే ఉందని దాని మీద ఎవ్వరూ కూర్చోరు, రాజు కూడా.

"కూర్చోని పీట ఎందుకే?" అంది మామ్మ. మళ్ళీ తనే ఆలోచించుకుంది. "సింహాచలం స్వామి ఏడాదంతా చందనంలో ఉండిపోడూ? కళ్ళకి కనబడకపోతేనేం, ఉన్నాడుగా. అలాంటిదే అయ్యుంటుంది." సింహాచలం సంగతి అతనికి చెప్పమంది. నేను చెప్పింది విని అతను, దేవుణ్ణి ఎందుకు దాచారు, ఎవరైనా ఎత్తుకుపోతారనా, అని అడిగాడు. వాళ్ళ పీటని తెల్లవాళ్ళు ఎత్తుకుపోవాలని చూశారట ఒకసారి. 

ఇంకోటి చెప్పాడు. సముద్రం ఒడ్డున తెల్లటి కోట. తెల్లవాళ్ళు కట్టింది. కింద చీకటి గదులు. ఆ గదుల చివర సముద్రంలోకి ఒక ఇరుకు తలుపు. మనుషుల్ని గొలుసులేసి ఆ తలుపులోంచి ఓడలెక్కించేవారట. "ఎక్కడికెళ్ళారు?" అన్నాను. "దూరంగా." "ఎప్పుడొచ్చారు?" "రాలేదు." నాకు బోధపడలేదు. ఓడలో వెళ్ళినవాళ్ళు తిరిగి వస్తారు కదా, మా నాన్న రోజూ వస్తాడు. "నువ్వొస్తే ముందు ఆ కోటే చూపిస్తాను" అన్నాడు. చూడ్డానికి అంత మంచి చోటెలా అవుతుందో తెలీక, సరే అన్నాను.

అన్నిటికంటే తిండి సంగతి. ఒకరోజు మా పెరట్లో రోలూ పొడుగాటి రోకలీ చూసి అతను చిన్నపిల్లాడిలా గంతేశాడు. నాన్న చేత ఎలమంచిలి సంతలోంచి పెండలం దుంపలు తెప్పించాడు. ఉడకబెట్టి, తొక్క తీసి, రోట్లో వేసి దంచాడు. కట్టు అప్పటికి చిన్నదైంది. అతను రోకలెత్తినప్పుడల్లా నేను చెయ్యి తడుపుకుని ముద్దని తిప్పాలి. "వేళ్ళే! వేళ్ళు!" అని మామ్మ అరుస్తూనే ఉంది. మెత్తగా, సాగుతూ, మెరిసే ముద్ద తయారైంది. దానిలోకి పల్లీలు నూరి, టొమాటో, మిరపకాయలు వేసి పులుసు కాచాడు. వంట పెరట్లో, మూడు ఇటుకల పొయ్యి మీద. మామ్మ వంటింట్లోకి రానివ్వలేదు. అతనూ అడగలేదు. తినేటప్పుడు ముద్ద ముంచి మింగేశాడు, నమల్లేదు. "నమలడేవిటే?" అని మామ్మ నా చెవిలో అడిగింది. నమిలితే వండినవాళ్ళకి చిన్నతనమట. ఆ సాయంత్రం మామ్మ ఎవరూ చూడకుండా ఒక ముద్ద నోట్లో వేసుకోవడం నేను చూశాను. నమిలింది.

ఇక ఉత్తరం సంగతి చెప్పాలి.

ఓడకి రాసిన ఉత్తరాలు సరిగా అందడం లేదని అతను మా ఇంటి చిరునామా ఇంటికి రాశాడు. నాకు తపాలా బిళ్ళలు పోగుచేసే పిచ్చి. పక్క క్వార్టర్సులో అమ్మాయి దగ్గర జపాను బిళ్ళ ఉండేది. అది చూపించినప్పుడల్లా నాకు కడుపు మండేది. ఒకరోజు పోస్టుమాను నా చేతికే ఒక నీలం కవరు ఇచ్చాడు. దాని మీద బిళ్ళ, ఎర్రా పచ్చా బంగారం రంగుల్లో ఒక డోలు బొమ్మ. అంత అందమైన బిళ్ళ నేనెప్పుడూ చూడలేదు. అడిగితే అతనే ఇచ్చేవాడు. అది ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం, అడిగితే ఇవ్వడేమో అన్న భయం ఒక్కటే. మామ్మ పూజలో ఉండగా ఉడుకుతున్న అన్నం గిన్నె ఆవిరి మీద కవరు పెట్టాను. బిళ్ళ ఊడింది. దాంతోపాటు కవరు మూత కూడా విడిపోయింది, ఒక మూల ముద్దై చిరిగింది, సిరా అలుక్కుపోయింది. భయమేసి దాన్ని భూగోళం అట్లాసులో దాచాను. శనివారం ఇద్దామనుకున్నాను. శనివారం వచ్చింది. బుధవారానికి వాయిదా వేశాను. రోజులు గడిచేకొద్దీ ఇవ్వడం మరీ కష్టమైపోయింది.

ఆ మధ్యలోనే నాన్న ఒకరోజు అన్నం తింటూ చెప్పాడు. కోర్టువారు ముగ్గుర్ని ఇంటికి పంపడానికి ఒప్పుకున్నారట. చెయ్యి కాలింది కాబట్టి మొదటి పేరు మనవాడిదేనట. "వద్దన్నాడట. ఇంజను దగ్గర పనిచేసే కుర్రాడికి పెళ్ళాం పురిటికి దగ్గరపడిందని తన చోటు వాడికిచ్చేశాడు. మా ఇంట్లో అంతా బాగానే ఉన్నారు, ఏ కబురూ లేదు, నాకేం తొందర అన్నాడట."

"బంగారం లాంటి మనసు" అంది మామ్మ.

 కబురు లేదన్నాడు. కబురు నా అట్లాసులో ఉంది.

ఆ ముగ్గురూ వెళ్ళిపోయాక ఒక మధ్యాహ్నం మామ్మ కునుకు తీస్తుంటే ఉత్తరం తీసి చదివాను. సగం మాటలు అర్థం కాలేదు. అర్థమైన సగం ఇంకా గందరగోళం. అతని అమ్మమ్మ చనిపోయింది. ఆవిణ్ణి చల్లగదిలో పెట్టారు. పెద్ద మనవడు అతనే కాబట్టి అతను రావాలని చూస్తున్నారు. ఫలానా శనివారం దాకా ఆగుతారు. వడ్రంగి చేప చేస్తున్నాడు. ఆవిడ చేపలోపల వెళుతుంది.

చేపలోపల వెళ్ళడమేమిటి? నాకు చల్లగది అంటే చేపల రేవులో ఐసు ఫ్యాక్టరీయే తెలుసు. ఐసులో పడుకున్న ఒక ముసలావిడ, పక్కన పెద్ద చేప నోరు తెరుచుకుని. ఇంకెవర్ని అడగను? గేటు దగ్గర అత్త గంప దించగానే వెళ్ళి అడిగాను.

"అత్తా, మనుషుల్ని చేపలో పెడతారా?"

"ఏటే గుంటా? సేపనే మనం తింటాం గానీ మనిసిని సేపలో ఎట్టడమేటి?"

"చచ్చిపోయాక."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "ఎవులు సచ్చిపోనారు? ఎవులు సెప్పినారు నీకు?"

నాకు ఏడుపొచ్చేసింది. అంతా చెప్పేశాను. అత్త నన్ను తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని, మొదటిసారి మా మెట్లెక్కి, వరండా దాటి మామ్మ ముందు నిలబెట్టింది. "సూడమ్మా, ఈ గుంట ఏటి సేసిందో" అంది.

మామ్మ లేచి కూర్చుని అంతా విన్నది. మెట్టెక్కావేం అని అత్తని అడగలేదు. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. పడలేదు. మామ్మ, "మా అమ్మ పోయిన కబురు కూడా నాకు పదోరోజుకే అందింది. మీ తాతగారికి ఎవరో చెప్పడం మర్చిపోయారు" అంది. అంతే. ఆ మాట నాతో అందో, అత్తతో అందో నాకు తెలీదు. అత్త అక్కడే నేల మీద కూలబడి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

మర్నాడు బుధవారం. ఉత్తరం నేనే ఇవ్వాలంది మామ్మ. అతను మెట్టు మీద కూర్చోకముందే ఇచ్చాను. బిళ్ళ లేని మూల, అలుక్కుపోయిన సిరా చూశాడు. నిలబడే చదివాడు. మళ్ళీ చదివాడు. "ఎప్పుడొచ్చింది?" అన్నాడు.

"పద్దెనిమిది రోజులైంది. సారీ" అన్నాను. నా పాతిక వాక్యాల్లో అంతకన్నా లేదు.

అతను వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకున్నాడు. శనివారానికి మూడు రోజులు. తన భాషలో ఒక్క వాక్యం అన్నాడు. నా వైపు చూసి కాదు, నేల వైపు చూసి. తరవాత మామ్మని చెంబుతో నీళ్ళు అడిగి, పెరట్లోకి వెళ్ళి, కొంచెం కొంచెంగా మట్టి మీద పోస్తూ ఎవరెవరినో పిలిచాడు. ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్క ధార. మామ్మ వెనకాల నిలబడి, "తర్పణమే ఇది" అని గొణిగింది. "తర్పణమే, కాకపోతే నువ్వులేవీ?"

శనివారం అక్కడ అమ్మమ్మని సాగనంపే వేళకి ఇక్కడ తనూ సాగనంపుతానన్నాడు. ఎర్రబట్ట కావాలన్నాడు. మామ్మ తికమకపడింది. చావుకి ఎరుపేమిటి? అయినా అమ్మ పాత ఎర్రచీర ఒకటి తీసి సగానికి చింపి ఇచ్చింది. అత్త ఇంకేం అడగలేదు. "నాను సూసుకుంటాను" అని వెళ్ళిపోయింది.

ఆ శనివారం మధ్యాహ్నం చేపల రేవుకి పక్కన, పడవలు లాగి పెట్టే ఇసుకలోకి నడిచాం. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మామ్మ కూడా వచ్చింది. ఈ ఊరొచ్చాక ఆవిడ ఏనాడూ అటు రాలేదు. అత్త మొగుడు, ఇంకో నలుగురు డప్పులు వేడి చేస్తున్నారు. అతను ఎర్రబట్ట భుజం మీంచి కట్టుకుని వచ్చాడు. అత్త తన గంపలోంచి మూరెడు వంజరం చేప తీసి రెండు చేతులతో అతనికిచ్చింది. అతను దాన్ని తల మీదికెత్తుకున్నాడు. డప్పులు మొదలయ్యాయి. అతను డాన్సు చెయ్యడం మొదలుపెట్టాడు.

మొదట మెల్లగా, వంగి, అడుగులో అడుగు వేస్తూ. చేప తల మీద కదలడం లేదు. మెల్లగా వేగం హెచ్చింది. కూర్చున్నాడు, లేచాడు, చుట్టూ తిరిగాడు. మొహమంతా తడి. అది చెమటో కన్నీళ్ళో తెలీదు. మధ్యలో గట్టిగా నవ్వాడు కూడా.

"పిచ్చెక్కిందే పాపం" అంది మామ్మ, నా భుజం గట్టిగా పట్టుకుని.

"నేదమ్మా" అంది అత్త. "ముసల్ది నిండుగా బతికి ఎల్లిపోనాది. నవ్వుతా పంపాల. మా మావగోరు పోనప్పుడు మావూ ఆడినాం గదేటి, ఈ డప్పులే." అంటూనే ఆవిడా వెళ్ళి అతని పక్కన అడుగు కలిపింది. ఇంకా ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు దిగారు. వాళ్ళ అడుగు వేరు, అతని అడుగు వేరు. అయినా తాళం తప్పలేదు. నేను ఏడవాలో, నవ్వాలో తెలీక మామ్మ మొహం చూశాను. మామ్మ కొంగు ముక్కు మీంచి ఎప్పుడో జారిపోయింది. చివరికి అతను మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వెళ్ళి చేపని వదిలేశాడు.

తిరిగి వస్తుంటే, చేప సంగతేమిటని మామ్మ అడిగించింది. వాళ్ళ ఊళ్ళో వడ్రంగులు మనిషి బతుకుని బట్టి పేటిక చేస్తారట. చేపలు పట్టి, అమ్మి బతికినవాళ్ళకి చేప. తోటలున్నవాళ్ళకి కోకో కాయ. డ్రైవరుకి లారీ.

"మరి నాకేం చేస్తారో అడుగు" అంది మామ్మ.

అతను మామ్మని ఎగాదిగా చూసి, "రోకలి" అన్నాడు. మామ్మ నడిరోడ్డు మీద ఆగిపోయి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. ఆ నవ్వు ధైర్యంతో నేనూ అడిగాను. మరి నాకు?

అతను నవ్వు మొహంతోనే నా తల మీద చెయ్యి వేసి, "పోస్టు డబ్బా" అన్నాడు.

"ఏవన్నాడే?" అంది మామ్మ.

"ఏం లేదు" అన్నాను. అది సరదాగా అన్నాడో, ఉండబట్టలేక అన్నాడో, ఈ వయసులో కూడా తేల్చుకోలేను. మొహంలో నవ్వుంది. చెయ్యి మెత్తగానే ఉంది. కానీ ఆ రెండు మాటలూ ఇంటిదాకా నా వీపు మీద నడిచొచ్చాయి.

తరవాత నెలన్నరకి కేసు తేలింది. ఓడని ఎవరో కొనుక్కున్నారు. మిగిలిన వాళ్ళందర్నీ మద్రాసు పంపి అక్కణ్ణించి విమానం ఎక్కిస్తున్నారని నాన్న చెప్పాడు. అమ్మ కొత్తగా పుట్టిన చెల్లాయితో ఇంకా రాలేదు. నాన్న డ్యూటీలో ఉన్నాడు. మధ్యాహ్నం పన్నెండింటికి మా గేటు ముందు వ్యాను ఆగింది. లోపల ఓడ మనుషులున్నారు. అతను ఒక్కడూ దిగి పరుగున వచ్చాడు. చేతి కట్టు పోయింది, తోలు గులాబి రంగులో మెరుస్తోంది. మామ్మ ఇచ్చిన మజ్జిగ ఈసారి కుడిచేత్తో అందుకుని ఒక్క గుక్కలో తాగేశాడు. వ్యాను హారను కొట్టింది.

మామ్మ నా జబ్బ పట్టుకుని ముందుకు లాగింది. "అడుగు" అంది. "నా మనవరాలి మీద నీకు కోపం ఉందా నాయనా, అని అడుగు. ఉంటే ఉందని చెప్పమను. మనసులో పెట్టుకుని వెళ్ళద్దను."

అతను నా వైపు చూశాడు. ఎదురుచూస్తున్నాడు.  ఆ నాలుగు మాటలకీ నాకు ఇంగ్లీషు వచ్చు. కోపానికి వచ్చు, ఉందా అనడానికి వచ్చు. పాతిక వాక్యాలు నూరయ్యాయి అప్పటికి.

"మా ఇల్లు గుర్తుంటుందా అని అడుగుతోంది మామ్మ" అన్నాను, ఇంగ్లీషులో.

అతని మొహం విప్పారింది. గుండె మీద చెయ్యి వేసుకుని, మామ్మ వైపు వంగి, తల గట్టిగా ఊపాడు. "ఎస్ మామ్మా, ఎస్. ఎప్పటికీ."

"కోపం లేదట మామ్మా" అన్నాను.

"మరి ఎస్ అన్నాడేవిటే? ఎస్ అంటే అవుననేగా?"

"నిజమే చెప్తున్నాను, ఎస్, అన్నాడు."

మామ్మ నా వైపు చూసింది, అతని వైపు చూసింది. అతను మా ఇద్దరి వైపు మార్చి మార్చి చూస్తూ, ఏదో తప్పు మాట అన్నానేమోనన్నట్టు నవ్వు కాస్త తగ్గించాడు. మళ్ళీ హారను. మామ్మ అతని తల మీద చెయ్యి పెట్టింది. అతను పరుగెత్తాడు.

మామ్మ ఆ తరవాత పదహారేళ్ళు బతికింది. ఆ పూట సంగతి మళ్ళీ ఎత్తలేదు. నన్ను నమ్మిందో, నమ్మనట్టు కనిపించడం ఇష్టంలేక ఊరుకుందో తెలీదు. అతను ఉన్నాడో లేడో తెలీదు. ఉంటే తొంభైకి దగ్గరపడి ఉండాలి. నిన్న సాయంత్రం మనవరాలు మళ్ళీ వచ్చి, "ఎలా తెలుసు అమ్మమ్మా నీకు ఆ దేశం?" అని కూర్చుంది. ఓడ గురించి, పెండలం ముద్ద గురించి, రంగు పడవల గురించి, బిళ్ళ కోసం కవరు చింపిన సంగతీ చెప్పాను. పగలబడి నవ్వింది. "ఆయన చాలా మంచివాడు కదా అమ్మమ్మా, నీ మీద ఏం కోప్పడలేదూ?" అంది.

"లేదు" అన్నాను, అలవాటుగా. ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదని చెప్పలేకపోయాను.